టులెట్ బోర్డు ముందు నిలబడి సోషల్ సైన్సెస్ మొదలుపెట్టడం ఎలా

బి.ఏ. ఫస్టియర్‌లో చేరిన పిల్లలకు మొదటి నెలలోనే టెన్షన్ పట్టుకుంటుంది. సోషియాలజీలో సామాజిక స్తరీకరణ, పొలిటికల్ సైన్స్‌లో సార్వభౌమాధికారం, ఎకనామిక్స్‌లో అవకాశ వ్యయం. గైడ్‌లో ప్రతిదానికీ నాలుగు లైన్ల నిర్వచనం ఉంటుంది. దాన్ని బట్టీ పడతారు, పరీక్ష హాల్లో దించేస్తారు, గేటు దాటేసరికి మర్చిపోతారు.

నేను హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్తాను. మా పిల్లల్లో ఎక్కువమంది నల్గొండ, మహబూబ్‌నగర్, వరంగల్ వైపు నుంచి వచ్చినవాళ్లు. క్లాసుల కంటే ముందు వాళ్లకు ఎదురయ్యేది గది వెతుక్కోవడం. అందుకే నా పాఠం కూడా అక్కడే మొదలవుతుంది. మీరు ఏ కాలేజీలో ఉన్నా ఈ పని సొంతంగా చేసుకోవచ్చు. ఒక నోట్‌బుక్ చాలు. నల్లకుంట, విద్యానగర్, అశోక్‌నగర్, చిక్కడపల్లి, ఏ గల్లీలోకి తిరిగినా ఏదో ఒక గేటుకు టులెట్ బోర్డు కనిపిస్తుంది.

ముందు ఉన్నది ఉన్నట్టు రాసుకోండి

బోర్డు మీద ఏముందో అక్షరం మార్చకుండా రాయండి. ఉదాహరణకు ఇలా ఉంటుంది: "టులెట్. సింగిల్ బెడ్‌రూమ్, సెకండ్ ఫ్లోర్. బోర్ అండ్ మంజీరా వాటర్. ఓన్లీ వెజ్. ఫ్యామిలీస్ ఓన్లీ. నో బ్రోకర్స్." ఫోన్ నంబరు మాత్రం రాసుకోకండి, ఫొటో తీస్తే అది కనబడకుండా చెరిపేయండి. అది ఒకరి సొంత నంబరు, మన పాఠానికి దానితో పనిలేదు.

ఇప్పుడు ఈ బోర్డు గురించి మీకు తోచింది రాయమంటే సగంమంది రాసేది ఒకటే: "ఓనర్‌కు కులపిచ్చి." కావచ్చు. కానీ బోర్డు మీద కులం మాటే లేదు. "ఓన్లీ వెజ్ అని రాసి ఉంది" అనేది మీరు చూసింది. "వెజ్ అనడం ద్వారా కొన్ని కులాలను, మతాలను దూరం పెడుతున్నారు" అనేది మీరు చేసిన వ్యాఖ్యానం, దానికి ఆధారం చూపించాలి. "ఇది అన్యాయం" అనేది మీ తీర్పు, దానికి కారణం చెప్పాలి. నోట్‌బుక్‌లో ఈ మూడింటినీ వేర్వేరు పేజీల్లో రాయండి. మొదట్లో చాదస్తంగా అనిపిస్తుంది. కానీ పిజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టుల్లో కూడా ఈ మూడూ ఒకే వాక్యంలో కలిసిపోయి ఉండడం నేను ఎప్పుడూ చూస్తూనే ఉంటాను. ఈ అలవాటు ఒక్కటి పట్టుబడితే సోషల్ సైన్స్ సగం వచ్చినట్టే అని నా అభిప్రాయం.

తర్వాత బెల్ కొట్టి అడగండి. గది నిజంగా కావాల్సినవాళ్లయితే మరీ మంచిది, అబద్ధం ఆడక్కర్లేదు. ఇంటివాళ్లు అడిగే ప్రశ్నలను కూడా అదే వరసలో గుర్తుపెట్టుకోండి. ఏ కాలేజీ, ఊరేది, నాన్న ఏం చేస్తాడు, ఇంటిపేరేంది బిడ్డా? ఆ చివరి ప్రశ్న ఎందుకడిగారో మన పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు మీ వ్యాఖ్యానానికి కొంత ఆధారం దొరికింది.

"నాకేం పట్టింపు లేదు బిడ్డా"

ఇంటిపేరు విన్నాక చాలామంది ఓనర్లు "మీకు ఇవ్వను" అని మొహం మీద చెప్పరు. "నాకేం పట్టింపు లేదు బిడ్డా, కింద పోర్షనోళ్లు ఊకోరు" అంటారు. కింద పోర్షన్‌వాళ్లను అడగండి, "మాదేముందండీ, ఓనర్ రూలు" అంటారు. ఇద్దరిలో ఎవరూ ఆ నియమం తమదని ఒప్పుకోరు. అయినా ఆ నియమం పనిచేస్తూనే ఉంటుంది, గది మీకు దొరకదు.

ఎమిల్ డర్కైమ్ అనే ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త 1895లో సామాజిక వాస్తవం అని చెప్పింది దీని గురించే. మనుషుల ప్రవర్తనలో కొన్ని పద్ధతులు ఏ ఒక్కరి మనసులోంచో పుట్టినవి కావు. మనం పుట్టకముందే ఉంటాయి, బయటినుంచి మన మీద ఒత్తిడి పెడతాయి. పాటించినంతకాలం ఆ ఒత్తిడి తెలియదు, కాదన్నరోజే తెలుస్తుంది. ఆ ఓనరమ్మ మంచిదా చెడ్డదా అని ఇద్దరు కూర్చుని వాదించుకుంటే అది ఆమె స్వభావం గురించిన చర్చ అవుతుంది. ఆమె నిజంగానే మంచిదైనా, పట్టింపు లేకపోయినా, అదే సమాధానం ఎందుకు చెప్పాల్సి వస్తోంది అని అడిగితే సోషియాలజీలోకి వచ్చినట్టు.

ఇక్కడ ఒక ఇబ్బంది కూడా ఉంది. అంతా సామాజిక వాస్తవమే అయితే ఓనరమ్మ బాధ్యత ఏమీ లేదా? కొందరు ఓనర్లు ఇంటిపేరు అడగకుండానే ఇస్తారు కదా? ఈ ప్రశ్న మీకు వచ్చిందంటే నిర్మాణం, కర్తృత్వం అనే చర్చ గుమ్మంలో నిలబడ్డట్టే. నిర్మాణం మనిషిని ఎంతవరకు కట్టేస్తుంది, మనిషి దాన్ని ఎంతవరకు మార్చగలడు అన్నది ఇప్పటికీ తేలని వాదం. పరీక్షలో కూడా తేల్చెయ్యకండి, రెండు వైపులా చెప్పండి.

వర్గం, అంతస్తు, కులం: ఈ మూడింటినీ కలపకండి

స్తరీకరణ అంటే సమాజం మనుషులను పైకీ కిందికీ పొరలుగా అమర్చడం. ఆ మాట అనగానే పిల్లలు డబ్బున్నవాళ్లు, లేనివాళ్లు అని మొదలుపెడతారు. బోర్డు దగ్గరే దీన్ని పరీక్షించవచ్చు. ఇద్దరు గది కోసం వచ్చారనుకోండి. ఒకతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అడిగిన అద్దె ఇవ్వగలడు, కానీ ఇంట్లో మాంసం వండుకుంటాడు. ఇంకొకాయన గుళ్లో అర్చకుడు, అద్దె తగ్గించమని బతిమాలుతున్నాడు. గది ఎవరికి దొరుకుతుంది? రెండో ఆయనకే దొరికే సందర్భాలు మీకు తెలుసు. డబ్బు లెక్క ఒక్కటే అయితే అలా జరగకూడదు.

మాక్స్ వెబర్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త దీన్ని విడదీశాడు. మార్కెట్లో నీకున్న ఆర్థిక అవకాశాలను బట్టి వర్గం. సమాజం నీకిచ్చే గౌరవాన్ని బట్టి, నీ తిండి, బట్ట, పెళ్లి సంబంధాల తీరును బట్టి అంతస్తు. ఇవి చాలాసార్లు కలిసే నడుస్తాయి కానీ ఒకటే కాదు. అంతస్తున్న సమూహం తన చుట్టూ గీత గీసుకుని బయటివాళ్లను రానివ్వకపోవడాన్ని కూడా ఆయన వివరించాడు. ఆ గీతను "ఓన్లీ వెజ్" కంటే పొట్టిగా రాయడం కష్టం.

మార్క్స్‌ను అర్థం చేసుకోవడానికి మాత్రం బోర్డు లేని గది దగ్గరికి వెళ్లాలి. అదే అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ చివర, మెట్ల కింద వాచ్‌మన్ గది ఉంటుంది. దానికి టులెట్ బోర్డు ఎన్నడూ పెట్టరు. చాలాచోట్ల అద్దె కూడా ఉండదు. మరి ఊరికే ఇచ్చారా? పాలమూరు నుంచో ఇంకో జిల్లా నుంచో వచ్చిన ఆ కుటుంబంలో జీతం ఒక్కడిదే. కానీ తెల్లారి ముగ్గేసేది ఆయన భార్య, మోటారు ఆన్ చేసేది కొడుకు, ఫ్లాట్లకు పాల ప్యాకెట్లు మోసేది కూతురు. గది ఇవ్వడంతో కుటుంబం మొత్తం శ్రమ ఒక్క జీతానికి వస్తోంది. పని పోయినరోజు గది కూడా పోతుంది. మార్క్స్ అడగమనే ప్రశ్న ఇది: ఉత్పత్తి సాధనాలు, అంటే భూమి, యంత్రాలు లాంటివి, ఎవరి చేతిలో ఉన్నాయి, ఎవరి శ్రమలో ఎంత భాగానికి కూలి ముట్టడం లేదు? "పేదవాళ్లు" అని రాసి వదిలేస్తే ఆ ప్రశ్న అడిగినట్టు కాదు. ఇంకొక మాట. మార్క్స్ రాతల్లో వర్గాలు రెండే అని గైడ్‌లు రాస్తాయి. కానీ కూలితో బతికేవాళ్లు, లాభంతో బతికేవాళ్లు, భూమి అద్దెతో బతికేవాళ్లు అని మూడింటి గురించి ఆయన 'పెట్టుబడి' మూడో సంపుటం చివర్లో రాశాడు, ఆ అధ్యాయం పూర్తికాకుండానే ఆగిపోయింది. టులెట్ ఓనరు ఈ మూడో రకానికి దగ్గర.

ఇక కులం. ఇక్కడ పిల్లలు ఒక పదం వెంటనే అందుకుంటారు: సంస్కృతీకరణ. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో కర్ణాటకలోని కూర్గుల మీద రాసిన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన భావన అది. "ఓన్లీ వెజ్" కనబడగానే దాన్ని అంటించేయకండి. తరతరాలుగా శాకాహారులైన ఇంటివాళ్లు శాకాహారులనే అడగడం సంస్కృతీకరణ కాదు. తక్కువగా చూడబడిన ఒక సమూహం, పైకులాల ఆచారాలను తీసుకుని తన స్థానాన్ని పెంచుకోవడానికి చేసే ప్రయత్నం అది. బోనాలకు ఒకప్పుడు మేకను కోసిన కుటుంబాలు కొబ్బరికాయతో సరిపెడుతూ, కొత్త ఇంట్లో మాంసం వండొద్దని అద్దెకున్నవాళ్లకు చెబుతున్నారంటే అప్పుడు ఈ పదాన్ని బయటికి తీయొచ్చు. అప్పుడు కూడా అడిగి తెలుసుకున్నాకే.

అంబేడ్కర్ అడిగింది ఇంతకంటే లోతైన ప్రశ్న. 1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో, ఇరవై అయిదేళ్ల వయసులో, కులాల మీద ఒక పత్రం చదివాడు. తిండి పట్టింపులు, వృత్తులు, మైల, ఇవన్నీ కులం లక్షణాలుగా అప్పటి పండితులు చెబుతుండగా, అసలు పట్టు అంతర్వివాహంలో, అంటే తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడంలో ఉందని వాదించాడు. ఈ వాదాన్ని చూడాలంటే ఆదివారం పేపర్లో పెళ్లి సంబంధాల పేజీ తీయండి. బోర్డు మీద చెప్పడానికి మొహమాటపడిన కులం అక్కడ శాఖతో సహా ఉంటుంది. "కులం పట్టింపు లేదు" అనే ప్రకటనలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, వాటిలో "ఎస్సీ, ఎస్టీలు తప్ప" అని చేర్చినవి ఎన్నో కూడా విడిగా లెక్కపెట్టండి. ఆ రెండో లెక్క వేసిన రోజు క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడరు.

అద్దె ఎందుకంత?

ఎకనామిక్స్ దగ్గర నేను తొందరగా దాటేస్తాను, అది నా సబ్జెక్టు కాదు. కానీ రెండు భావనలకు బోర్డు బాగా పనికొస్తుంది.

అశోక్‌నగర్‌లో కిటికీ లేని గదికి కూడా గిరాకీ ఉంటుంది. ఓనర్లు అద్దె పెంచారు కాబట్టే ఆ ఏరియా ఖరీదైందని అందరూ అంటారు. డేవిడ్ రికార్డో అనే ఆర్థికవేత్త 1817లో ఇంగ్లండు పొలాల గురించి దీన్ని తలకిందులు చేశాడు: కౌలు ఎక్కువైనందువల్ల ధాన్యం ధర పెరగదు, ధాన్యం ధర ఎక్కువ ఉన్నందువల్లే కౌలు పెరుగుతుంది. ఇక్కడ ధాన్యం స్థానంలో కోచింగ్ సెంటర్లను, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీని పెట్టి చూడండి. అవి రేపు ఘట్‌కేసర్‌కు తరలిపోతే ఆ కిటికీ లేని గది గతేంటి?

రెండోది అవకాశ వ్యయం, అంటే ఒకటి ఎంచుకున్నందుకు మనం వదులుకున్నది. గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్న అన్నలను "నీకు ఏడాదికి ఎంత ఖర్చవుతోంది" అని అడిగితే అద్దె, మెస్, కోచింగ్ ఫీజు, పుస్తకాలు కలిపి చెప్తారు. ఆ ఏడాది ఉద్యోగం చేసి ఉంటే వచ్చే జీతం ఎవరూ చెప్పరు. అసలు పెద్ద ఖర్చు అదే. ఇంకో మెలిక: ఉద్యోగం చేసినా మెస్ బిల్లు ఎలాగూ కట్టాల్సిందే కాబట్టి, అది ప్రిపరేషన్ ఖర్చులోకి రాదు. ఈ రెండో సగం రాసినవాళ్లకు మంచి మార్కులు పడతాయి.

రాజ్యం ఎక్కడుంది?

గది దొరకనప్పుడు పిల్లలు "మనకు రాజ్యాంగ హక్కు ఉంది కదా మేడమ్" అంటారు. పుస్తకం తీసి చదివిద్దాం. 15వ అధికరణ రెండో క్లాజు కులం, మతం, జాతి, లింగం, పుట్టిన చోటు ఆధారంగా దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల విషయంలో ఎవరినీ అడ్డుకోకూడదంటుంది. అద్దె ఇళ్ల మాట అందులో లేదు. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును 19వ అధికరణ ఇస్తుంది, కానీ అది ప్రధానంగా రాజ్యం మీద ఉన్న హక్కు. 17వ అధికరణ అంటరానితనాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది, అది ప్రైవేటు వ్యక్తులకు కూడా వర్తిస్తుంది. మరోవైపు 2005లో అహ్మదాబాద్ పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకునే నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. హక్కు ఎవరి మీద, ఎక్కడివరకు అని అడగడం ఇలా అలవాటవుతుంది.

రాజ్యానికీ ప్రభుత్వానికీ తేడా కూడా ఇక్కడే చెప్పేస్తాను. ప్రభుత్వాలు ఎన్నికలతో మారతాయి, రాజ్యం మారదు, అది సరే. వెబర్ 1919లో మ్యూనిక్ ఉపన్యాసంలో ఇచ్చిన నిర్వచనం ఇంకా పదునైంది: ఒక భూభాగంలో న్యాయసమ్మతంగా బలప్రయోగం చేసే హక్కు తనకొక్కదానికే ఉందని చెప్పుకుని, దాన్ని నిలబెట్టుకోగలిగేదే రాజ్యం. అద్దె కట్టని మనిషి సామాన్లు ఓనరు తనే బయట పడేయకూడదు, కోర్టుకు వెళ్లాలి, ఖాళీ చేయించే బలం అక్కడినుంచి రావాలి. ఓనర్లు మామూలుగా ఏం చేస్తారో మీకూ తెలుసు, నీళ్లు బంద్ చేస్తారు. నిర్వచనానికీ గల్లీకీ మధ్య ఉన్న ఆ దూరమే మీ జవాబులో రాయాల్సిన విమర్శ.

చరిత్ర, అంకెలు

చరిత్రకు బోర్డు నుంచి కాస్త దూరం నడవాలి, అఫ్జల్‌గంజ్ దాకా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో దాదాపు నూటయాభై మంది దాని మీదికెక్కి బతికారని చెప్తారు. వరదలో చనిపోయినవాళ్లు సుమారు 15,000 మంది అని అంచనా. ఈ రెండు వాక్యాల్లో "చెప్తారు", "అంచనా" అనే మాటలను చూడండి. ఎవరు చెప్తారు, ఎప్పుడు చెప్పారు, ఎవరికోసం రాశారు, చెట్టెక్కినవాళ్లను ఎవరైనా లెక్కపెట్టారా? ఆధారాన్ని ఇలా నిలదీయడమే చరిత్రకారుడి పని. అప్పటి అధికారిక నివేదిక ప్రాథమిక ఆధారం, దాన్ని చదివి ఇప్పుడు రాసిన వ్యాసం ద్వితీయ ఆధారం. ప్రాథమికం అనగానే నిజం అనుకోకండి, అధికారి రాసిన నివేదికలో అధికారి చూసిందే ఉంటుంది.

వాన అందరి మీదా పడింది. ప్రాణాలు పోవడం మాత్రం ఎవరి ఇల్లు నది ఒడ్డున ఉంది, మట్టిదా రాతిదా అన్నదాన్ని బట్టి జరిగింది. వరద తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మురికివాడలు తీసేసి కొత్త ఇళ్లు కట్టినప్పుడు ఎవరు ఎక్కడికి చేరారు అని అడిగితే మళ్లీ మన బోర్డు ప్రశ్నకే వచ్చాం. ఆసక్తి ఉంటే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, కాలేజీ నుంచి ఉత్తరం పట్టుకుని వెళ్లండి.

అంకెల గురించి ఒక్కటి చెప్తాను. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లా అక్షరాస్యత 83.25 శాతం. ఇది మొత్తం జనంలో శాతం కాదు, ఏడేళ్లు, ఆపైన వయసున్నవాళ్లలో మాత్రమే. ఏదో ఒక భాషలో అర్థమయ్యేలా చదవడం, రాయడం వస్తే అక్షరాస్యులే. ఒక భావన అంకెగా మారేటప్పుడు ఇలాంటి నిర్ణయాలు వెనకాల ఉంటాయి. శాతం కనబడితే ముందు కింద ఉన్న సంఖ్య ఏమిటని అడగండి. అలాగే సర్వే చేస్తే లైబ్రరీ రీడింగ్ హాల్లో కూర్చున్న అబ్బాయిలను అడిగి "తెలంగాణ యువత అభిప్రాయం" అని శీర్షిక పెట్టకండి. 1936లో అమెరికాలో ఒక పత్రిక ఇరవై లక్షలకు పైగా జవాబులు సేకరించి కూడా రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని చెప్పింది, ఆయన భారీ మెజారిటీతో గెలిచాడు. ఎంతమందిని అడిగామన్నది తర్వాత, ఎవరిని అడిగామన్నది ముందు.

ఒక పుస్తకం, పరీక్ష

ఈ పనంతా ఎవరైనా పద్ధతిగా చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1955లో అచ్చువేసిన పుస్తకం ఉంది, శామీర్‌పేట మీద. అప్పుడది హైదరాబాద్‌కు దూరంగా ఉన్న ఊరు, ఇప్పుడు అక్కడిదాకా వెంచర్ బోర్డులే. తిండి, పెళ్లి, కులాల మధ్య వరసలు ఎలా నమోదు చేశాడో ఒక్క అధ్యాయం చదివి, సికింద్రాబాద్ నుంచి బస్సెక్కి వెళ్లి చూసి రండి. పాత ప్రతులు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికితే మీ అదృష్టం. ఊళ్లో ఎవరితో మాట్లాడినా ముందు ఎందుకో చెప్పి అడగండి, రాతలో పేర్లు వాడకండి.

పరీక్షలో పది మార్కుల ప్రశ్నకు నిర్వచనంతో మొదలుపెట్టకండి. ఈ భావన ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో రెండు లైన్లు రాయండి, ఆ తర్వాత నిర్వచనం, ఎవరు, ఎప్పుడు. మీ గల్లీలోంచి ఒక ఉదాహరణను వివరంగా రాయండి, నాలుగు ఉదాహరణల పేర్లు చెప్పి వదిలేయడం కంటే అది మేలు. చివర్లో ఈ భావన ఎక్కడ పనిచేయదో, ఎవరు కాదన్నారో చెప్పండి. సంవత్సరం గుర్తులేకపోతే రాయకండి, ఖాళీకి మార్కులు పోవు కానీ డర్కైమ్‌ను 1985లో పెడితే దిద్దేవాళ్లు మిగతా జవాబును కూడా అనుమానంగా చదువుతారు. తెలుగు అకాడమీ పుస్తకంలో ఉన్న పదాన్నే వాడండి, పక్కన మీ మాటల్లో ఒక వాక్యం చేర్చండి. టైమ్ అయిపోతుంటే ఉదాహరణను కుదించండి, విమర్శను వదిలేయకండి.